కరోనా పాజిటివ్ అని అమ్మ ఆపరేషన్ ఆపేశారు, ఇప్పుడేం చెయ్యాలి?

(ఈ ప్రశ్న, జవాబు 2021 జూన్ నాటివి, కరోనా రెండో వేవు రోజులు; ఇందులోని టెస్టు, టీకా, వాయిదా రూల్సన్నీ అప్పటివి.)

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇప్పుడు ఇంటి నుంచే పని. అమ్మకు 57 ఏళ్ళు, షుగర్ ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచి అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటు. అంగిట్లో పుండు మానడం లేదని ఏప్రిల్‌లో చూపిస్తే ముక్క పరీక్ష (బయాప్సీ) చేసి క్యాన్సర్ అన్నారు. విశాఖలో మే 31న ఆపరేషన్ అని డేటు ఇచ్చారు. మే 28న కరోనా టెస్టుకి ముక్కులోంచి స్వాబ్ తీస్తే పాజిటివ్. జ్వరం లేదు, దగ్గు లేదు, ఏమీ లేదు. అయినా "ఏడు వారాల తర్వాత రండి" అని పంపేశారు. ఉండబట్టలేక జూన్ 14న బయట ల్యాబ్‌లో మళ్ళీ చేయిస్తే మళ్ళీ పాజిటివే. పైగా మొదట 24 ఉన్న సీటీ ఇప్పుడు 34 అయింది. 25కి 34 ఏంటి డాక్టర్ గారూ, ఊపిరితిత్తులు పోయినట్టేనా? మా బావ వేరే ఊళ్ళో తెలిసిన ఆస్పత్రి ఉంది, నెగెటివ్ రిపోర్టు తెప్పిస్తాను, గుట్టుగా చేయించేద్దాం అంటున్నాడు. అమ్మేమో "నాకేటవ్వలేదు, కోసెయ్యమను" అంటుంది, రాత్రిళ్ళు ఏడుస్తుంది. ఒంట్లో ఏమీ లేనివాళ్ళకి అసలు ఈ టెస్టు ఎందుకు? ఈలోగా క్యాన్సర్ పెరిగిపోతే? సీటీ స్కాన్ కూడా తీయించమంటారా? చివరగా చిన్న విషయం, అమ్మ పచ్చడి అన్నం అడుగుతోంది, పెట్టొచ్చా?

జవాబు: ముందు ఆ 34 సంగతి తేల్చేద్దాం తమ్ముడూ, మీ ఉత్తరంలో సగం భయం దాని చుట్టూనే ఉంది. అది ఊపిరితిత్తుల స్కోరు కాదు. ఈ రెండు నెలలుగా ఊరూరా "సీటీ ఎంత, సీటీ ఎంత" అని అడగడం అలవాటైపోయి, రెండు వేరువేరు అంకెలకి ఒకే పేరు పడిపోయింది. ఛాతీ స్కాన్ తీసి ఊపిరితిత్తులు ఎంత మేర దెబ్బతిన్నాయో 25కి ఇన్ని అని చెప్పేది ఒకటి, అందులో అంకె పెరిగితే కీడు. మీ చేతిలో ఉన్నది అది కాదు, స్వాబ్ రిపోర్టు. ముక్కులోంచి తీసిన నమూనాలో వైరస్ తాలూకు పదార్థం ఏమైనా ఉంటే యంత్రం దాన్ని రౌండుకి రెట్టింపు చేసుకుంటూ పోతుంది, ఎన్నో రౌండులో అది కంటికి ఆనిందో ఆ రౌండు నంబరే ఈ సీటీ వాల్యూ. సరుకు బోలెడంత ఉంటే తొందరగా దొరికిపోతుంది కాబట్టి అంకె చిన్నది వస్తుంది, చిటికెడే ఉంటే ఆలస్యంగా దొరుకుతుంది కాబట్టి పెద్దది వస్తుంది. 24 నుంచి 34కి వెళ్ళడమంటే పది రెట్టింపులు, రెండుని పదిసార్లు హెచ్చవేసి చూడండి, 1,024 వస్తుంది. అంటే మే నెలాఖరుకీ ఇప్పటికీ అమ్మ ముక్కులో ఉన్నది సుమారు వెయ్యో వంతుకి పడిపోయిందన్నమాట. ఐసీఎంఆర్ (దేశంలో వైద్య పరిశోధన చూసే కేంద్ర సంస్థ) లెక్క ప్రకారం 35 లోపు ఉంటే పాజిటివ్ అని రాస్తారు, అమ్మ ఆ గట్టు మీద ఉంది. పుల్ల ఎంత లోతుకి పెట్టారు, ఏ కంపెనీ కిట్టు వాడారు అన్నదాన్ని బట్టి కూడా ఈ అంకె అటూ ఇటూ అవుతుంది, అందుకని దాన్ని పట్టుకుని మరీ లెక్కలు వెయ్యకండి. కానీ ఏడవాల్సిన అంకె మాత్రం కాదు, ఈ మాట ఇవాళే అమ్మకి చెప్పండి.

అసలు ఆ రెండో టెస్టు చేయించకుండా ఉండాల్సింది. ఒకసారి పాజిటివ్ వచ్చినవాళ్ళకి మళ్ళీ ఆర్‌టీపీసీఆర్ (ఈ స్వాబ్ టెస్టే) చెయ్యొద్దని ఐసీఎంఆర్ మే 4నే చెప్పింది, ల్యాబులు ఊపిరాడని పనిలో ఉన్నాయన్నది ఒక కారణమైతే, ఆ రిపోర్టుతో పెద్దగా ఒరిగేది లేకపోవడం ఇంకో కారణం. వైరస్ చచ్చిపోయాక కూడా దాని తుక్కు ముక్కులో వారాల తరబడి ఉంటుంది, కొందరిలో మూడు నెలల దాకా. ఈ టెస్టుకి బతికున్నదానికీ చచ్చినదానికీ తేడా తెలియదు. ఆ పాజిటివ్ చూసి మీ ఇంట్లో ఎవరూ రెండు రోజులు అన్నం సరిగ్గా తిని ఉండరు. ఇకమీదట నెగెటివ్ వచ్చేదాకా వారానికొకసారి ల్యాబ్ చుట్టూ తిరగడం మానెయ్యండి. మనకి కావాల్సింది నెగెటివ్ కాగితం కాదు, మే 28 నుంచి ఎన్ని రోజులైంది అన్న లెక్క.

ఇక ఏమీ లేనివాళ్ళకి టెస్టు ఎందుకన్నారు. నేను మత్తు డాక్టర్ని, ఆ టెస్టు రాసేది చాలాసార్లు నేనే, కాబట్టి తిట్లు నాకే వస్తాయి, అలవాటే. ఇంట్లో కూర్చున్న మనిషి ఊపిరితిత్తులకీ ఆపరేషన్ బల్ల మీద ఉన్న మనిషి ఊపిరితిత్తులకీ చాలా తేడా ఉంటుంది. అంగిటి ఆపరేషన్ అంటే పూర్తి మత్తు. ఊపిరి తీసుకునే కండరాలన్నీ పడుకోబెట్టేసి, గాలిగొట్టంలోకి ట్యూబు వేసి, కొన్ని గంటలు మిషనే ఊపిరి పోస్తుంది. ఆ గంటల్లో ఊపిరితిత్తుల అడుగు భాగాలు కొంత ముడుచుకుంటాయి. లేచాక నోట్లో కుట్లు, నొప్పి, గట్టిగా దగ్గలేరు, కఫం లోపలే ఉండిపోతుంది. మామూలు రోజుల్లో దీన్ని మేం సర్దుకొస్తాం. ఆ సమయానికి లోపల వైరస్ కూర్చుని ఉందనుకోండి, బయటికి దగ్గు కూడా రాని మనిషికి ఆపరేషన్ అయిన మూడో రోజో ఐదో రోజో ఆక్సిజన్ పడిపోవడం మొదలవుతుంది. అప్పుడు అది ఆపరేషన్ నిమోనియానా, కరోనానా, రక్తం గడ్డనా అని తేల్చుకోవడానికే సగం రోజు పోతుంది.

నేను ఊహించి చెప్పడం లేదు. నిరుడు మే నెలలో లాన్సెట్ పత్రికలో ఒక లెక్క వచ్చింది, 24 దేశాల్లో 235 ఆస్పత్రులు కలిసి, ఆపరేషన్‌కి కాస్త ముందో వెనకో కరోనా సోకిన 1,128 మందిని చూశాయి. నెల రోజుల్లో చనిపోయినవాళ్ళు 23.8 శాతం. సగం మందికి పైగా ఊపిరితిత్తుల సమస్యలొచ్చాయి. అందులో అత్యవసరంగా చేసినవే ఎక్కువ, పైగా అది మొదటి వేవు తొలి రోజుల మాట, అంచేత ఆ అంకెని యథాతథంగా అమ్మకి అంటగట్టకూడదు. అయినా అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాతే చాలా ఆస్పత్రులు లక్షణాలతో పని లేకుండా అందరికీ స్వాబ్ అన్నాయి.

మీకు చెప్పిన ఏడు వారాల లెక్క ఎక్కడిదో కూడా తెలుసుకోండి, అది ఎవరో గాల్లోంచి తీసింది కాదు. పోయిన అక్టోబర్‌లో 116 దేశాల్లో ఆపరేషన్లు అయిన 1,40,231 మందిని అదే బృందం గమనించింది, వాళ్ళలో 3,127 మందికి అంతకుముందు కరోనా వచ్చి ఉంది. కరోనా రానివాళ్ళలో నెల రోజుల్లో మరణాలు 1.5 శాతం. వచ్చిన రెండు వారాల్లోపు కోస్తే అది 4.1, మూడు నాలుగు వారాలకి 3.9, ఐదారు వారాలకి 3.6. ఏడు వారాలు దాటాక మళ్ళీ 1.5కి దిగింది. ఇంకో మాట, ఏడు వారాలైనా ఆయాసమో దగ్గో తగ్గనివాళ్ళలో అది 6 శాతం ఉంది, మొదట్నుంచీ ఏ లక్షణమూ లేనివాళ్ళలో 1.3. అమ్మ ఈ రెండో రకం. ఇది మాత్రం అమ్మకి అనుకూలమైన అంకె.

ఒక సంగతి చెప్తాను, పేర్లు వద్దు. నిరుడు ఆగస్టులో, నేను అప్పుడు పనిచేస్తున్న చోట, దవడ క్యాన్సర్ ఉన్న ఒకాయన వచ్చారు. రాపిడ్ టెస్టు నెగెటివ్. ముందు రోజు రాత్రి నేను బెడ్ దగ్గరకి వెళ్ళి జ్వరం, ఒళ్ళునొప్పులు, వాసన తెలియకపోవడం ఏమన్నా ఉన్నాయా అని అడిగితే ఆయన భార్య ఏమీ లేవమ్మా అంది, అంటూ కొడుకు ముఖం వైపు చూసింది. ఆ చూపు నేను చూశాను, ఒక్క నిమిషం అనుమానం కూడా వచ్చింది, అయినా మర్నాడు లిస్టులో ఆరు కేసులున్నాయి, వదిలేశాను. ఆపరేషన్ బ్రహ్మాండంగా అయింది. మూడో రోజు పొద్దున ఆక్సిజన్ 88. అప్పుడు కొడుకు బయటపెట్టాడు, వచ్చే ముందు రెండు రోజులు జ్వరమొస్తే డోలో వేసి తగ్గించి తెచ్చాం, చెబితే డేటు పోతుందని చెప్పలేదు అని. ఆయన బతికారు, పంతొమ్మిది రోజులు ఐసీయూలో ఉండి. ఇద్దరు సిస్టర్లకీ నాకూ పాజిటివ్. ఆ వారం లిస్టులో ఉన్న మిగతావాళ్ళ ఆపరేషన్లన్నీ వాయిదా. ఆ కొడుకుని నేను తిట్టలేకపోయాను, తండ్రి బాగు కోరే చేశాడు. తప్పు నాది కూడా, అడిగే తీరులో డేటు పోతుందన్న భయం వాళ్ళకి కలగకుండా అడిగి ఉండాల్సింది. ఇప్పుడు నేను "జ్వరం ఉందని చెప్పినంత మాత్రాన మిమ్మల్ని వెళ్ళగొట్టం, ఇంకో డేటు ఇస్తాం" అని మొదలుపెట్టి అడుగుతాను.

మీ బావగారి ప్లాన్ గురించి నా జవాబు అందులోనే ఉంది. దొంగ నెగెటివ్ కాగితంతో మోసపోయేది ఆస్పత్రి కాదు, మత్తిచ్చే డాక్టరు ఏ జాగ్రత్తలు తీసుకోవాలో తెలియక మోసపోతుంది, ఆ నష్టం బల్ల మీద ఉన్న అమ్మది. పైగా ఇది నోటి ఆపరేషన్. సర్జన్ మొహం అమ్మ నోటికి జానెడు దూరంలో గంటల తరబడి ఉంటుంది, ఎముక కోసే రంపం, డ్రిల్లు, సక్షన్, అంతా గొంతు దగ్గరే, ఆ తుంపర్లన్నీ వాళ్ళ మీదే. ఆ పక్క వార్డులో కీమో ఎక్కించుకుని తెల్లకణాలు పడిపోయినవాళ్ళు ఉంటారు. క్యాన్సర్ ఉండి కరోనా వచ్చిన 928 మందిని నిరుడు అమెరికా, కెనడా, స్పెయిన్ దేశాల డాక్టర్లు చూస్తే నెలలో 121 మంది చనిపోయారు, అంటే వందకి 13 మంది. మీ అమ్మ పక్క మంచం మీద ఉండేది ఇంకొకరి అమ్మ. బావగారు మంచి ఉద్దేశంతోనే అని ఉంటారు, ఆయన్ని కారు మాట్లాడే పని మీద పెట్టండి, విశాఖ తిరగడానికి ఎలాగూ కావాలి.

అలాగని ఆస్పత్రి వాళ్ళు చేసింది అంతా సరిగ్గా ఉందని కూడా నేననను. "ఏడు వారాల తర్వాత రండి" అని వరండాలో నిలబెట్టి చెప్పి పంపడం వాయిదా వెయ్యడం కాదు, వదిలించుకోవడం. క్యాన్సర్ ఏడు వారాలు సెలవు పెట్టి కూర్చోదు. ఎవరికి ఫోన్ చెయ్యాలి, మధ్యలో ఎప్పుడు చూస్తారు, పుండు పెరిగితే ఏం చేస్తారు, ఇవేవీ చెప్పకుండా పంపితే ఎవరైనా బావగారి దారే చూస్తారు. ఆపరేషన్ ఆలస్యమైతే ఏమవుతుందన్నదానికీ లెక్కలున్నాయి. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నిరుడు నవంబర్‌లో వచ్చినదాని ప్రకారం ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైతే మరణించే ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతుంది. ఇది వందలో ఎనిమిది మంది అదనంగా పోతారని కాదు, ఉన్న ముప్పుకి అంత కలుస్తుందని. అంటే ఒక పక్క ఊపిరితిత్తులు ఆగమంటాయి, ఇంకో పక్క పుండు ఆగొద్దంటుంది. తక్కెడలో రెండు వైపులా బరువు ఉన్నప్పుడు ఏడు అనే అంకె ఒక్కటే పట్టుకుని కూర్చోకూడదు.

తేదీలు వేసుకుందాం. మే 28 నుంచి నాలుగు వారాలు జూన్ 25కి నిండుతాయి, ఏడు వారాలు జూలై 16కి. అమెరికా మత్తు డాక్టర్ల సంఘం నిరుడు డిసెంబర్‌లో చెప్పినదాంట్లో లక్షణాలు లేనివాళ్ళకి నాలుగు వారాలు చాలు, దగ్గు జ్వరం వచ్చి ఇంట్లోనే తగ్గినవాళ్ళకి ఆరు, షుగర్ ఉండి లక్షణాలు కూడా వచ్చినవాళ్ళకీ ఆస్పత్రిలో చేరినవాళ్ళకీ ఎనిమిది నుంచి పది, ఐసీయూ దాకా వెళ్ళినవాళ్ళకి పన్నెండు. మరి పెద్ద లెక్కలో ఏడు అంటున్నారు కదా అంటే, అవును, రెండూ ఒకటి కాదు, మేమూ వీటి మధ్య కొట్టుకుంటూనే ఉన్నాం. నేను అమ్మని చూడలేదు, పుండు సైజు తెలియదు, మెడలో గడ్డలున్నాయో లేదో మీరు రాయలేదు. మీ కాగితాల మీద స్టేజీ రాసి ఉంటుంది, అదీ చూసుకోవాలి. అయినా అడిగారు కాబట్టి నా మాట: పుండు ఏప్రిల్‌లో ఉన్నట్టే ఉంటే, చిన్నదైతే, జూలై 16 దాకా ఆగడం మంచిదే. కళ్ళ ముందే పెరుగుతోందంటే మాత్రం ఏడు వారాల కోసం చూడకుండా జూలై మొదటి వారంలోనే చెయ్యమని అడిగే హక్కు మీకుంది, ఏ లక్షణమూ రాని మనిషి కాబట్టి మత్తు డాక్టర్ ఒప్పుకోవడానికి ఆధారమూ ఉంది.

ఇది మీరూ నేనూ తేల్చేది కాదు, సర్జనూ మత్తు డాక్టరూ కీమో డాక్టరూ ముగ్గురూ కూర్చుని తేల్చాలి. దాన్ని ట్యూమర్ బోర్డు అంటారు. మీరు ఆస్పత్రికి ఫోన్ చేసి "మా కేసు ట్యూమర్ బోర్డులో పెట్టండి, జూన్ 25కి నాలుగు వారాలు అవుతుంది, ఆ వారంలో ఒకసారి చూస్తారా" అని అడగండి, ఓపీ చీటీ మీద తేదీ రాయించుకోండి. మళ్ళీ స్వాబ్ అడుగుతారా అని ముందే కనుక్కోండి. కొన్ని చోట్ల రూలు ఇంకా పాతదే ఉంది, జూలై 15న మళ్ళీ 34 అని వస్తే మళ్ళీ వెనక్కి పంపేస్తారు. అలాంటి రూలే ఉంటే మే 28 రిపోర్టు చూపించి, ఐసీఎంఆర్ మళ్ళీ చెయ్యొద్దంది కదా, లక్షణాలు చూసి నిర్ణయించండి అని మర్యాదగా అడగండి. అరిచి అడిగితే రూలు ఇంకా బిగుసుకుంటుంది, అనుభవం. ఆరోగ్యశ్రీలో అయితే ఆస్పత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రని కలిసి, వాయిదా పడింది, పాత అప్రూవల్ పనికొస్తుందా కొత్తది పెట్టాలా అని ఇప్పుడే అడగండి, ఆపరేషన్ ముందు రోజు ఆ గొడవ పెట్టుకోకండి.

ఈ రోజుల్లో క్యాన్సర్ ఆపరేషన్ అంటేనే చావు అని భయపెట్టేవాళ్ళు మీ ఊళ్ళో కూడా ఉండే ఉంటారు. నిరుడు లాక్‌డౌన్ మధ్యలో, మార్చి 23 నుంచి ఏప్రిల్ 30 లోపు, ముంబై టాటా మెమోరియల్‌లో 494 క్యాన్సర్ ఆపరేషన్లు చేశారు. ఆపరేషన్ వల్ల ఒక్కరూ చనిపోలేదు. తర్వాత ఆరుగురికి కరోనా తేలింది, వాళ్ళూ కోలుకున్నారు. జాగ్రత్తగా చేస్తే అవుతుంది.

మధ్యలో ఈ రోజులన్నీ ఖాళీగా కూర్చోవద్దు. రెండు రోజులకోసారి, పగటి వెలుతురులో, అమ్మని నోరు తెరిపించి ఫోన్‌తో ఫొటో తియ్యండి, పక్కన ఒక ఐస్‌క్రీం పుల్ల పెడితే సైజు తెలుస్తుంది. పుండు నుంచి రక్తం ఆగకుండా వస్తున్నా, మింగలేకపోతున్నా, ఊపిరి అందకపోయినా, నోరు తెరుచుకోవడం తగ్గిపోతున్నా ఏ తేదీ కోసమూ చూడకుండా అదే రోజు తీసుకెళ్ళండి. ఆగాల్సిన రోజుల్లో పుండుని కాస్త అదుపులో పెట్టడానికి కొందరికి మాత్రల కీమో ఇస్తారు, కావాలేమో కీమో డాక్టర్నే అడగండి. ఇస్తే అందులో మెథోట్రెక్సేట్ ఉండొచ్చు, అది వారానికి ఒక్కసారి వేసే మాత్ర, రోజూ అనుకుని వేసేసి ప్రాణం మీదకి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. ఏ రోజు వెయ్యాలో క్యాలెండర్ మీద రాసి పెట్టండి, మందుల షాపులో అడిగి కొనకండి.

ఈ ఒక్క విషయం దగ్గర కొంచెం ఆగండి. షుగర్, కరోనా, అంగిట్లో పుండు, మూడూ ఒకే మనిషిలో. ఈ నెలలో బ్లాక్ ఫంగస్ ఎలా మొదలవుతోందో పేపర్లో చూస్తూనే ఉన్నారు, అది కూడా అంగిట్లోనే నల్ల మచ్చలా కనబడుతుంది. ఉన్న పుండు పక్కన కొత్తగా నలుపు తిరిగినా, ఒక వైపు చెంప మొద్దుబారినా, కంటి కింద వాచినా, ముక్కులోంచి నల్లగానో రక్తంగానో వచ్చినా "క్యాన్సర్ పుండేలే" అని ఊరుకోవద్దు, ఒక్క రోజు కూడా. అమ్మకి మే నెలాఖరులో ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టర్ ఎవరైనా డెక్సా, మెడ్రాల్ లాంటి స్టెరాయిడ్లు ముందుజాగ్రత్త అంటూ ఇచ్చారేమో చూడండి. లక్షణాలు లేని మనిషికి ఆ స్టెరాయిడ్ల పని లేదు, షుగర్ ఆకాశానికి అంటుతుంది, ఫంగస్‌కి తలుపు తీసి పెట్టినట్టవుతుంది. ఇచ్చి ఉంటే దాచకుండా ఆపరేషన్ ముందు నాలాంటి మత్తు డాక్టర్‌కి చెప్పండి. ఎక్కువ రోజులు వేసినవాళ్ళు ఉన్నపళంగా ఆపెయ్యకూడదు, డాక్టర్‌నడిగి తగ్గించుకుంటూ రావాలి. రోజూ పరగడుపున షుగర్ చూసి రాయండి.

సీటీ స్కాన్ అడిగారు. వద్దు. ఆక్సిజన్ 97, 98 ఉండి, ఆయాసం లేని మనిషికి ఛాతీ స్కాన్ తీసి చూస్తే ఆపరేషన్ తర్వాతి సమస్యలు తగ్గాయని ఎక్కడా తేలలేదు. 53 దేశాల్లో 8,784 మందిని చూసిన లెక్కలో స్వాబ్ టెస్టు వల్ల మేలు కనబడింది, అదీ కేసులు ఎక్కువున్న చోట, పెద్ద ఆపరేషన్లకి. అక్కడ పద్దెనిమిది మందికి స్వాబ్ చేస్తే ఒకరికి ఊపిరితిత్తుల సమస్య తప్పింది. కేసులు తక్కువున్న చోట చిన్న ఆపరేషన్లకైతే 387 మందికి చెయ్యాలి, అంటే వృథా కిందే లెక్క. ఛాతీ స్కాన్‌తో మాత్రం అలాంటి మేలేదీ రాలేదు. మీరు స్కాన్ డబ్బులు ఒక పల్స్ ఆక్సీమీటర్ మీద, ఊపిరి కసరత్తుకి వాడే మూడు బంతుల స్పైరోమీటర్ మీద పెట్టండి. ఆ బంతుల్ని ఊదడం కాదు, లోపలికి పీల్చి లేపాలి, చాలామంది తిరగేసి ఊదుతుంటారు. గంటకోసారి పదిసార్లు. అమ్మకి పుండు నొప్పిగా ఉంటే గొట్టం పెదాల చివర పెట్టుకుంటే చాలు.

అడ్డపొగ మాట. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్ళు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం వల్లే అంగిట్లో ఇలాంటి క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు దశాబ్దాలుగా రాస్తున్నారు. ఇప్పుడు అమ్మని ఆ మాట అని సాధించకండి, ఆవిడకి తెలుసు. కానీ ఈ వాయిదా వల్ల దొరికిన రోజుల్లో చుట్ట పూర్తిగా మానితే ఒక లాభం ఉంది, నాలుగు వారాలు పొగ ఆపిన ఊపిరితిత్తులు మత్తుని బాగా తట్టుకుంటాయి. వాళ్ళు ఇచ్చిన గడువు దీనికి సరిగ్గా సరిపోతుంది. పొద్దున్నే చేతులు ఊరకుండవు కదా, బంతులు చేతికివ్వండి.

ఆపరేషన్‌కి ముందు పది రోజులు ఇంట్లో పెళ్ళిళ్ళు, పేరంటాలు, పరామర్శలు బంద్. అమ్మకి మళ్ళీ వస్తుందని కాదు, ఆస్పత్రిలో తోడుండేది మీరు, మీకు వస్తే ఆ మంచం దగ్గర ఎవరుంటారు? స్వాబ్ మీద నమ్మకం పెట్టుకుని తిరగొద్దు, సోకిన నాలుగో రోజున తీసినా మూడింట రెండు వంతుల కేసుల్లో అది నెగెటివ్ చూపించే అవకాశం ఉందని ఒక లెక్క. మీరు టీకా వేయించుకోండి. అమ్మకి మాత్రం ఇప్పుడు కాదు, కరోనా తగ్గిన మూడు నెలల తర్వాత అని కేంద్రం మే 19న చెప్పింది, అప్పటికి ఆపరేషన్ అయిపోయి కుట్లు మాని ఉంటాయి.

అమ్మ ఏడుపు గురించి. "కోసెయ్యమను" అనే మనిషి రాత్రిళ్ళు ఎందుకేడుస్తుందో నాకు తెలిసినంతలో చెప్తాను. డేటు ఇచ్చి వెనక్కి పంపేశారంటే ఇక లాభం లేదని పంపేశారనుకుంటారు వీళ్ళు, మనం కరోనా వల్ల అని ఎంత చెప్పినా అది వంక అనుకుంటారు. నా దగ్గర ఒకావిడ సరిగ్గా ఇదే అడిగింది, "నిజం చెప్పమ్మా, బాగవదనే గదా ఎనక్కి పంపారు" అని. అందుకే జూలై 16 అన్న తేదీ గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టండి. ముందుకి జరిగితే ఇంకా మంచిది, అప్పుడు ఇంకోటి చుట్టొచ్చు. ఫైల్లో మే 28 రిపోర్టు పైన పెట్టండి, జూన్ 14ది అన్నిటికన్నా అడుగున.

పచ్చడి అన్నం. పుండు మీద కారం పడితే మంట, మంటకి భయపడి తిండి మానేస్తారు, తిండి మానేస్తే బరువు తగ్గుతుంది, నాలుగైదు కిలోలు తగ్గి వచ్చిన మనిషికి కుట్లు సరిగ్గా అతకవు. అందుకని కడుపు నింపేది చల్లారిన చోడి (రాగి) అంబలి, మెత్తగా పిసికిన పప్పన్నం, గుడ్డు, మజ్జిగ, చేప ముల్లు తీసి చిదిపినది, రోజుకి ఐదారుసార్లు కొంచెం కొంచెంగా. వారానికోసారి బరువు చూడండి, తగ్గుతుంటే ముక్కులోంచి ట్యూబు వేసి తిండి పంపొచ్చు, ఆస్పత్రిలో అడగండి. అవన్నీ తిన్నాక ఒక్క పచ్చడి మెతుకు నాలిక చివర పెట్టండి, మంట పుడితే ఆవిడే వద్దంటుంది.